పెనుగొండమీద పుష్యమాసపు టెండ

పుష్యమాసమున హిందూపురము పోవుచున్నామని చెప్పగానే బంధువు లందఱును శాలువలు మఱువవద్దని హెచ్చరించిరి. ఆ సీమ సముద్రమునకు దూరమైన మెట్టనేల. ఆకాశము నిర్మలముగా నుండు శీతకాలపు రాత్రులయందు పగటి వేడి నేలలో నిలువక తెల్లవాఱుజామునకు పండ్లు గిటకరచుకొనునంత చలి పుట్టును. కావున నాలుగు శాలువలు మూటగట్టుకొని బయలుదేఱితిమి. తీరా పోయి చూడగా చలి జాడయే లేదు. మబ్బు దుప్పటివలె కప్పుకొని యుండుటచే రాత్రులు ఉక్క. మబ్బు విడిచిన పగళ్లు మాఘము దాటి ఫాల్గుణము వచ్చినట్లుండెను. 1901వ సంవత్సరమునుండి లెక్కలు వ్రాసి యుంచిన మన వాతావరణశాఖవారు దేశమున 2024వ సంవత్సరమే అన్నిటికంటె వేడిదని తేల్చిరి గదా. ఆ మాట పత్రికలో చదివినపుడు వేసవిని గూర్చియే తలపోసితిమి గాని, చలికాలమును గూర్చి తలపోయలేదు.

మేము నలువురము: మా అత్తగారు, మా ఆడుబిడ్డ, ఆమె పదేండ్ల కూతురు, ఈ వ్రాయుచున్న మేము. అత్తగారికి అఱువదియాఱేండ్లు. మామగారికి జబ్బు చేసినప్పుడు పెనుగొండ శిఖరమునగల లక్ష్మీనరసింహస్వామికి దీపము పెట్టెదనని మ్రొక్కుకొనిరట. ఆ మ్రొక్కు పదేండ్లుగా వాయిదా పడుచు వచ్చినది. ప్రమిద, ఒత్తులు, చిన్న సీసాలో నువ్వులనూనె ఒక గుడ్డలో చుట్టి కొంగున దాచుకొని యుండిరి.

హిందూపురమునుండి పెనుగొండకు రైలులో ఎంతయో దూరము లేదు. అయినను ఫలహారములు, కాఫీలు ముగించుకొని కొండ మొదటికి చేరునప్పటికి పది గంటలైనది. చలికాలమే గదా యను ధీమా! పదిమందికి బియ్యము కొలిచినచో గింజ మిగులకుండ కొలువగల మేము, నలుగురికి రెండు సీసాల నీళ్లు చాలునని కొలిచితిమి. చిత్రాన్నము మాత్రము ఎనమండుగురికి సరిపడునంత.

పెనుగొండ యనగా పెద్దకొండ, సంస్కృతమున ఘనగిరి. 1354లో బుక్కరాయలు తన కుమారుడగు విరూపణ్ణకు ఈ సీమ నప్పగించెనని ఇచటి శాసనము తెలుపుచున్నది. 1565లో తళ్లికోట యుద్ధమున అళియ రామరాయలు కూలగా, తమ్ముడు తిరుమలరాయలు విజయనగరము విడిచి వచ్చి ఈ కొండనే నమ్ముకొనెను. కొండ క్రిందనున్న గగనమహలు, ప్రక్కప్రక్కనే యున్న రామాలయ శివాలయములు, షేర్ ఖాన్ మసీదు, పార్శ్వనాథుని బసది తీఱికగా చూడవలసినవి. మేము దిగివచ్చి చూచెదమనుకొని పైకి నడచితిమి. రాణివాసపు స్త్రీలు విజయనగరమునుండి ఏ సామాను తెచ్చుకొనిరో, ఏది విడిచివచ్చిరో యని మా ఆడుబిడ్డ దారిపొడుగునను ఊహించుచుండెను. చరిత్ర పుస్తకములలో ఏనుగులను లెక్కించినవారు ఆ సంగతి వ్రాయరైరి.

కోటగోడలు దాటిన పిదప నీడ లేదు. బండలు, ముండ్లపొదలు, ఆకురాల్చిన సీతాఫలపు మొక్కలు. కొండవెన్ను నెక్కునప్పటికి రాతినుండి సెగ పైకి, ఎండ క్రిందికి. నీళ్లలో ముప్పాతిక వంతు అప్పటికే అయిపోయినవి. అచటినుండి చూడగా దూరమున గొల్లపల్లి జలాశయము. శ్రీశైలమునుండి హంద్రీ-నీవా కాలువగుండ ఎత్తిపోయుచు తెచ్చిన కృష్ణాజలమది. ఇంకొకవైపు 2019నుండి కార్లు తయారగుచున్న కియా కర్మాగారపు కప్పులు అద్దములవలె మెఱయుచుండెను. సాలునకు సుమారు 55 సెంటీమీటర్ల వానతో బ్రతుకు సీమలో అంతటి నీరు కంట బడుటయే పండుగ. మాకు మాత్రము ఒక గ్రుక్క యైనను అందునది కాదు.

అంతవఱకు ముందు గంతులిడిన పిల్ల బండపై చతికిలబడినది. తలనొప్పి యనెను, తిన్న దంతయు కక్కెను. ముఖము కెంపువలె నున్నది, ఒడలు కాలుచున్నది, చెమట మాత్రము లేదు. తల్లులు గుర్తుంచుకొనదగిన సంగతి యిది: ఎండలో చెమట పట్టుట మానినచో అది అలసట కాదు, అపాయము. శిఖరము కంటి కెదురుగనే యున్నది. అత్తగారు ఒకసారి అటు, ఒకసారి పిల్లవైపు చూచిరి. "మీ రిద్దఱు పిల్లను పట్టుకొని యుండుడు, నేను పోయివత్తును" అను మాట వారి నోట వచ్చునేమో యని మేము భయపడితిమి. ఒంటరిగా పోనిచ్చుట ఎట్లు, వలదనుట ఎట్లు?

అంతలో మేకలు కాచుకొను ఒక నడివయసు స్త్రీ వచ్చి, "యాలమ్మా ఇంత పొద్దెక్కినాక వస్తిరి? ఈ యేడు చలి యాడుండాది? రాండి, దొన ఉండాది" అని పిల్లను భుజముపై వేసికొని నడచినది. దొన యనగా బండనడుమ వాననీరు నిలుచు గుంట. పెద్ద బండ నీడన అడుగున నాలుగు బిందెల నీరుండెను. శాలువ ఒకటి తడిపి పిల్లకు చుట్టి, మిగిలినవి పొదలకు కట్టి నీడ చేసితిమి. మా సీసాలోని మిగిలిన నీరు చెంచా చెంచాగా త్రాగించితిమి. చలికొఱకు మోసికొనివచ్చిన శాలువలు ఎండకు పనికివచ్చినవి. అరగంటకు పిల్ల కన్ను దెఱచి చిత్రాన్న మడిగెను. పెట్టలేదు.

అత్తగారు కొంగు విప్పి ప్రమిద, ఒత్తులు, నూనె ఆమె చేతిలో పెట్టి, "నీవు పైకి పోవుదువా తల్లీ?" అనిరి.

"మైటాల మేకలు ఆ తట్టే తోల్తానమ్మా. ఎవురి పేర పెట్టల్ల?"

అత్తగారు మామగారి పేరు చెప్పరు గదా, మేము చెప్పితిమి. పిల్ల పేరును కలుపుమని అత్తగారు మెల్లగా ననిరి. చిత్రాన్న మంతయు ఆమెకే యిచ్చి, తడిగుడ్డ తలపై మార్చుచు, ఒక్కొక్క మెట్టు దిగితిమి. గగనమహలును దూరమునుండియే చూచితిమి.

ఆ సాయంకాలము ధర్మవరమున మా ఎఱిగిన నేతవారి యింట బస. అత్తగారు రైలులో కిటికీవైపే కూర్చుండి కొండ కనుమఱుగగువఱకు మాటాడలేదు. నేతవారింట గుంటమగ్గముపై పట్టుచీర సగము నేసి యున్నది. గాలి పొడిగా నున్నచో పట్టుపోగు తెగునట. గుంటలోని చెమ్మయే పోగును కాపాడునట. చలికాలమున ఇట్లు నీళ్లు చల్లుట ఈ యేడే చూచుచున్నామని ఆ యిల్లాలు చెంబుతో మగ్గముచుట్టు చల్లుచుండెను. మా పిల్ల లేచి, గోడ పట్టుకొని నడచిపోయి, ఆ చెంబు తన కిమ్మని చేయి చాచెను.