ఊరి పేరు చెప్పి అడగాలి

మాది పాకాల. మా జంక్షన్ నుంచి రైళ్లు మూడు వైపులకు వెళతాయి. తిరుపతికి, కాట్పాడికి, ధర్మవరానికి. చిన్నప్పుడు మా అవ్వ నాకు ప్రార్థన నేర్పింది ఈ స్టేషన్‌ను చూపించే.

'దేవా, అందరినీ చల్లగా చూడు' అని గబగబా ముగించి కంచం ముందు కూర్చుంటే అవ్వ ఊరుకునేది కాదు. "ఏం పాపా, టిక్కెట్ల కౌంటరు కాడికి పోయి 'ఎటో ఒక పక్కకి టిక్కెట్టియ్యి' అంటే ఇస్తాడా? ఊరి పేరు చెప్పల్ల గదా! దేవుడి కాడ గూడా అంతే" అనేది.

తనూ అలాగే అడిగేది. 2003లో నేను పదో తరగతి. పరీక్ష ఫీజుకీ గైడ్లకీ కలిపి 340 రూపాయలు కావాలి. "ప్రభువా, పాపకు సోమవారం లోపల 340 రూపాయలు కావల్ల" అని పక్కింటివాళ్లకు వినిపించేంత గట్టిగా ప్రార్థన చేసింది. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్లయింది. ఆదివారం సాయంత్రం, ఎప్పుడో జాకెట్లు కుట్టించుకుని డబ్బులివ్వని ఒకావిడ వచ్చి 300 ఇచ్చి వెళ్లింది. మిగతా 40 అవ్వ పోపుల డబ్బాలోంచి తీసింది.

"ఇందులో అద్భుతమేముందవ్వా? అది నీకు రావాల్సిన బాకీనే కదా" అన్నాను.

"ఏడాదిగా రాని బాకీ పాపా" అని నవ్వింది.

అవ్వకు ఒక చిట్టా పుస్తకం ఉండేది. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో అడిగింది, మూడో గడిలో దేవుడి జవాబు.

2005లో నాయనకు జబ్బు చేసింది. కాట్పాడి రైలెక్కించి వేలూరు తీసుకెళ్లాం. 'క్రిస్మస్‌కు నా కొడుకు తన కాళ్లమీద నడిచి పాకాల స్టేషన్‌లో దిగల్ల' అని అవ్వ పుస్తకంలో రాసింది. నాయన నవంబరులోనే వచ్చాడు... వ్యానులో, తెల్లగుడ్డ కింద.

ఆ రోజు నుంచి నేను దేన్నీ పేరు పెట్టి అడగలేదు. 'అంతా నీ చిత్తం' అనేదాన్ని. వినేవాళ్లకు అది భక్తిలా ఉంటుంది. నిజానికి అది భయం. ఏదీ అడగకపోతే ఏదీ కాదనిపించుకోనక్కర్లేదు కదా!

కొన్నేళ్ల కిందట పనిమీద ఒంగోలు వెళ్లి, అక్కడి ప్రార్థన కొండ ఎక్కాను. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు మోకరించిన చోటు అది. అప్పటికి వాళ్ల మిషన్ నెల్లూరులోనే ఉంది. ఫలితం లేదు, మూసేద్దామన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. అలాంటి రోజుల్లో కూడా వాళ్లు 'లోకాన్ని దీవించు' అని సరిపెట్టుకోలేదు. కింద కనిపిస్తున్న ఆ ఊరికి ఒక మనిషిని పంపమన్నారు. ఆ మనిషి, జాన్ క్లౌ, ఒంగోలు చేరింది 1866లో! 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించింది ఆయనే.

కొండమీద నిలబడితే నాకు ఆ మధ్యలో గడిచిన పన్నెండేళ్లే గుర్తుకొచ్చాయి. అన్నేళ్లూ వాళ్ల మూడో గడి ఖాళీయే కదా!

సువార్తల్లోనూ ఇదే కనిపిస్తుంది. అర్ధరాత్రి స్నేహితుడి తలుపు తట్టినవాడు అడిగింది లెక్కగా మూడు రొట్టెలు. గుడ్డి బర్తిమయికి ఏం కావాలో చూస్తేనే తెలుస్తుంది. అయినా యేసు అతని నోటితోనే చెప్పించుకున్నాడు. గెత్సేమనే తోటలో యేసు కూడా ముందు తనకేం కావాలో అడిగాడు. ఆ తర్వాతే తండ్రి చిత్తానికి వదిలాడు. నేను మొదటిది వదిలేసి రెండోదాన్నే పట్టుకున్నాను.

అవ్వ పోయాక ఆ పుస్తకం నా చేతికొచ్చింది. నాయన గురించి రాసిన పేజీ తీయడానికి ధైర్యం చాలలేదు. చివరికి తీశాను. మూడో గడిలో అవ్వ రాత: 'లేదన్నావు. నాకు అర్థం కాలేదు.' దాని కిందే, వారం తర్వాతి తేదీతో: 'పాపకు కాలేజీ ఫీజు 1,200.'

దేవుడి మీద అలిగింది. అడగడం మాత్రం మానలేదు.

నా తమ్ముడు నాతో మాట్లాడి ఆరేళ్లయింది. ఇంటి పంపకాల దగ్గర మాటామాటా పెరిగింది. తప్పు నా వైపూ ఉంది. ఇన్నాళ్లూ 'మా కుటుంబంలో సమాధానం ఇవ్వు' అని ప్రార్థిస్తూనే ఉన్నాను. ఆ ప్రార్థన చేసి హాయిగా నిద్రపోవచ్చు. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు.

మొన్నొక రాత్రి అవ్వ పుస్తకంలో మిగిలిన పేజీలో రాశాను: 'ఈ క్రిస్మస్‌కు తమ్ముడు పాకాల రావాలి. మా ఇంట్లో అన్నం తినాలి.' అంత వివరంగా రాశాక ఇక ఊరికే కూర్చోవడం కుదరలేదు. ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"ఏంక్కా?"

"ఆ రోజు నేను అట్ల అనకుండా ఉండాల్సిందిరా. క్రిస్మస్‌కు ఇంటికి రా."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "చూస్తాలేక్కా" అన్నాడు.

చూస్తానంటే వస్తానని కాదు. నాకు తెలుసు. మూడో గడి ఇంకా ఖాళీగానే ఉంది. కానీ అవ్వా, ఈసారి ఊరి పేరు చెప్పాను.