రెండు మార్కులు

నారాయణఖేడ్ కళాశాలలో నేను తెలుగు బోధించడం ప్రారంభించిన తొలిరోజులలో విద్యార్థులు నన్ను అడిగిన మొదటి ప్రశ్న పద్యాన్ని గురించి కాదు. "సార్, సంస్కృతం తీసుకున్నవాళ్లకు 98 వస్తాయట. మాకూ అన్ని వేస్తారా?" వాళ్లకు 'వస్తాయి', తమకు 'వేయాలి'! వ్యాకరణం చెప్పుకొని బ్రతికేవాణ్ణి కనుక ఆ క్రియాభేదం నా చెవికి తగిలింది. వచ్చేవి చదివినవానికి వస్తాయి. వేసేవి వేసేవాని దయను బట్టి పడతాయి. అయినా ఆనాడు నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, కళాశాలలో జరిగే పరీక్షలలో ధారాళంగా వేశాను కూడా. కర్ణాటక సరిహద్దు పల్లెల నుంచి తెల్లవారకముందే బయలుదేరి, రెండు బస్సులు మారి వచ్చే పిల్లలు. నాలుగు మార్కులు ఎక్కువ పడితే నష్టమేమిటని నా వాదం.

అలా నా తరగతిలో చదివి, ఫార్మసీలో ఉన్నతవిద్య పూర్తిచేసి, నేడు హైదరాబాదు వైపు ఒక కళాశాలలో అధ్యాపకురాలైన అమ్మాయి మొన్నటి వేసవిలో మా ఇంటికి వచ్చింది. ఆమె రాక మా ఇంట్లో పండుగ. దానికొక కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మా అమ్మ కీళ్లవాతంతో బాధపడుతున్నప్పుడు వైద్యుడు మెథోట్రెక్సేట్ అనే మాత్రను వారానికి ఒకటి చొప్పున వ్రాశాడు. మందుల దుకాణంలో కవరు మీద 'రోజూ ఒకటి' అని వ్రాసి ఇచ్చారు. నాలుగవ రోజున అమ్మను చూడడానికి వచ్చిన ఈ అమ్మాయి ఆ కవరు చదివి, అమ్మ నోటిలోని పుండ్లను చూసి, ఆ క్షణమే ఆటో పిలిపించింది. అమ్మ బ్రతికింది. ఆ మందును అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో రూపొందింపజేసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ప్రాణం పోసే మందే, మోతాదు తప్పితే ప్రాణం తీస్తుందని ఆనాడు ఆసుపత్రి వరండాలో నాకు తెలిసివచ్చింది.

ఈసారి ఆమె ముఖంలో ఉత్సాహం లేదు. సంచిలోనుంచి ఒక జవాబుపత్రం తీసి నా ముందుంచింది. ప్రశ్న చిన్నదే. 5 మిల్లీలీటర్ల సిరప్‌లో 250 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉన్నది. బిడ్డకు 125 మిల్లీగ్రాములు కావాలి. ఎంత సిరప్ ఇవ్వాలి? మెట్లన్నీ సరిగా వేసిన విద్యార్థి చివర 2.5కు బదులు 25 మిల్లీలీటర్లని వ్రాశాడు. ఆమె సున్న వేసింది. మరునాడు అతడు వచ్చి, "పద్ధతి సరైనదే కదా మేడమ్! పోయింది ఒక్క చుక్క. రెండు మార్కులు వేయడానికి మీకేం కష్టం? ఫీజు కట్టాం, రోజూ వస్తున్నాం" అన్నాడట.

శ్రమతో నిమిత్తం లేకుండా ఫలం తనకు రావలసినదేనని భావించే ఈ ధోరణిని గురించి అమెరికాలోని ఫార్మసీ అధ్యాపకులు 2012లోనే తమ విద్యాపత్రికలో వ్యాసం వ్రాశారని ఆమె చెప్పింది. నాకు కొంత ఊరట కలిగింది, మన పిల్లలొక్కరే కాదు కదా అని! కాని ఆమెకు కలగలేదు. మన దేశంలో ఫార్మసీ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 80 శాతం హాజరు ఉండాలి. ఆ హాజరును పిల్లలు పరీక్ష వ్రాయడానికి కావలసిన అర్హతగా గాక, ఉత్తీర్ణతకు చెల్లించిన మూల్యంగా లెక్కిస్తున్నారని ఆమె బాధ.

అడగడమే తప్పని నేననను. తన పత్రాన్ని చూపమనడం, కూడికలో పొరపాటుంటే దిద్దమనడం విద్యార్థి హక్కు. సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివేనాడు ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అది అన్యాయం. ఆయన ఎంత గట్టిగా అడిగినా తగును. ఇక్కడ అడుగుతున్నది న్యాయం కాదు, చుక్కను చూడవద్దని. అరసున్న ఉంటే 'నాఁడు' కాలం, లేకుంటే 'నాడు' దేశం. ప్రాచీన ప్రతులు చదివేటప్పుడు ఆ సున్న జారితే ఒక పద్యం అర్థం మారుతుంది. ఇక్కడ జారితే బిడ్డకు పదింతల మందు పడుతుంది.

"అంతటితో అయిపోలేదు సార్, వాళ్ల నాన్న వచ్చాడు" అన్నది. పత్తి పండించే రైతు. మెడలో తువ్వాలు తీసి చేతులు జోడించాడట. ఆమెకు తన తండ్రి గుర్తుకు వచ్చాడు. కలం చేతిలోకి తీసుకున్నది కూడా. తర్వాత ఏమనిపించిందో ఏమో, ఆ లెక్కను ఆయనకే వివరించింది. ఆయన కొంతసేపు ఆలోచించి, కొడుకు వైపు తిరిగి, "ఒక మూత పోసేకాడ పది మూతలు పోస్తే చేనంత మాడిపోతది గద బిడ్డా! నీకు తెల్వదా?" అన్నాడట. ఇక మార్కుల మాట ఎత్తలేదు. తువ్వాలు భుజాన వేసుకొని బస్సువేళ అవుతున్నదని వెళ్లిపోయాడు. కొడుకు మాత్రం చాలాసేపు గుమ్మం దగ్గరే నిలబడ్డాడట. సిగ్గుతోనో, కోపంతోనో తనకు తెలియలేదన్నది.

నేను ఆ పత్రాన్ని మడిచి ఇచ్చాను. ఆమె దానిని సంచిలో పెట్టుకుంటూ, "ఇంటర్‌లో అర్ధసంవత్సర పరీక్షకు మీరు నాకు తెలుగులో 91 వేశారు సార్. నిజంగా ఎన్ని వచ్చాయి?" అని అడిగింది.

జ్ఞాపకం లేదన్నాను. 83.