రేపు తీసేద్దామనుకున్న మేకు

పాత బండి కొనటం పాత ఇల్లు కొనటం వంటిదే. గోడలతో పాటు, వెనుకటివారు వాటిలో దిగగొట్టిన మేకులు కూడా మన సొత్తే అవుతాయి. ఈ సత్యం నాకు 2014లో, బాపట్లలో ఒక యెజ్డీ రోడ్‌కింగ్ కొన్న మూడవ రోజున బోధపడింది.

నాది తెనాలి. కుర్రతనంలో బోసు రోడ్డు మీద ఆ జంట సైలెన్సర్ల చప్పుడు వినపడితే చేతిలోని పుస్తకం కింద పెట్టి వీధిలోకి పరుగెత్తినవాణ్ణి. కొనే స్తోమత వచ్చేసరికి మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారమే 1996లో మూతపడింది. యెజ్డీ పేరుతో 2022లో మళ్ళీ కొత్త బళ్ళు వచ్చాయి గానీ, కిక్కు కొట్టిన రాడ్డునే ముందుకు మడిచి గేరు వేసుకునే ఆ వైభవం పాతదానిదే. నాకు దొరికినది 1986 నాటిది. సీ-బుక్కు ప్రకారం మొదటి యజమాని తెనాలివారు, రెండవవారు రేపల్లె, మూడవవారు బాపట్ల. అంటే బండి గుంటూరు జిల్లా దక్షిణ యాత్ర ముగించుకుని పుట్టింటికి వచ్చిందన్నమాట. ఆ రేపల్లె, బాపట్లలు 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళిపోయాయి. బండి మాత్రం నా నెత్తినే మిగిలింది.

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించి, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన ధాతు కరండాలను వెలికితీశాడు. నేను చేసినదీ అటువంటి తవ్వకమే. ఆయనకు దొరికినవి పవిత్ర అవశేషాలు. నాకు దొరికినవి పూర్వ యజమానుల పాపాలు. తేడా అంతే.

పై పొర బాపట్ల యుగం. ఇది రంగుల యుగం. సముద్రపు గాలికి పట్టిన తుప్పును గీకటం శ్రమ అని తలచిన ఆ మహానుభావుడు తుప్పు మీదనే వెండి రంగు వేశాడు. నట్ల మీద, బోల్టుల మీద, వైర్ల మీద, చివరకు గొలుసు మీద కూడా. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు కావటం చేతనేమో, అంటు కట్టే విద్య కూడా ఆయనకు బాగా అబ్బింది. వేరే జాతి బండి కార్బొరేటరును తెచ్చి, సైకిలు ట్యూబు ముక్కతోనూ ఇనుప తీగతోనూ దీనికి అంటు కట్టాడు. మామిడైతే కాపు కాసేది. ఇది పొగ కాసింది. పెట్రోలు ట్యాంకు అడుగున కారే చోట స్నానపు సబ్బు అరగదీసి పూశాడు. సబ్బు పెట్రోలులో కరగదు గనుక ఆ కిటుకు పనిచేస్తుంది. నీళ్ళలో కరుగుతుంది గనుక తొలి వానతో కొట్టుకుపోతుంది. నేను కొన్నది మే నెలలో. వాన పడినది జూన్‌లో.

అన్నిటికంటే అడుగు పొర తెనాలి యుగం. ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేయటంలో మా తెనాలి శిల్పులకు పేరుంది. విగ్రహం వంటి బండిని తుక్కు చేయటం ఎలాగో మా ఊళ్ళోనే వేరొకరు సాధన చేశారని అప్పుడు తెలిసింది. వైరింగు యావత్తూ ఎర్ర తీగే. ఏ తీగ దీపానిదో, ఏది హారనుదో కనుక్కోవటానికి జ్యోతిష్కుడు కావాలి. ఫ్యూజు ఉండవలసిన చోట సిగరెట్టు పెట్టెలోని తళుకు కాగితం మడిచిపెట్టి ఉంది. ప్రమాదం వచ్చినప్పుడు తాను కరిగి తక్కిన తీగలను కాపాడటం ఫ్యూజు ధర్మం. ఈ కాగితం కరగదు. ధర్మం తప్పి తీగలనే కరిగిస్తుంది. కరిగించింది కూడా.

ఇక నడిమిది రేపల్లె యుగం. రైలు మార్గం రేపల్లెతో ఆఖరు; ఆ పైన పట్టాలు లేవు. ఈ యజమాని హయాములో మరమ్మతులు కూడా అలాగే, సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఊరి పేరులోనే ‘రేపు’ ఉందని అప్పట్లో ఇంట్లోవాళ్ళతో పరిహాసమాడేవాణ్ణి. ఆ పరిహాసం ఒకనాడు నాకే ఎదురుతిరిగింది.

2015 జనవరిలో ఒక ఆదివారం, పన్నెండేళ్ళ మా అమ్మాయిని వెనుక కూర్చోబెట్టుకుని సూర్యలంక సముద్రం చూపించి వస్తున్నాను. పొన్నూరు దాటాక గేదెల మంద అడ్డం వచ్చింది. వెనుక బ్రేకు తొక్కాను. టప్పుమని ఏదో విరిగి, పెడలు నేలకు ఆనింది. ముందు బ్రేకు పట్టీపట్టగానే బండి పక్కకు జారి, మమ్మల్ని వరి కోసిన చేలో, మినుము మొలకల మధ్య పడవేసింది. అమ్మాయి మోచేయి చీరుకుపోయింది. లేచి, ఏడవకుండా, “నాన్నా, బ్రేకు లేదని నీకు తెలియదా?” అని అడిగింది.

చూస్తే, బ్రేకు రాడ్డును పెడలుతో కలిపేచోట ఉండవలసిన పిన్నుకు బదులు వంచిన ఇనుప మేకు. వెండి రంగు పూసుకుని, నడిమికి విరిగి ఉంది.

మర్నాడే సీ-బుక్కు పట్టుకుని రేపల్లె వెళ్ళాను. ఆ వంచిన మేకుకు కారకులు వారేనని ఎలా గ్రహించానంటే, బాపట్లవారు ఏదీ వంచరు, రంగు వేస్తారు. తలుపు తీసినవారు ఎనభై ఏళ్ళు దాటిన మాస్టారు. విరిగిన మేకును బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“ఇది ఇంకా ఉందా, బాబూ?”

1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను ముందటి రోజు సంగతి చెప్పారు. నిజాంపట్నం వైపు పల్లెలో ఒంటరిగా ఉన్న తల్లిని తెచ్చుకోవటానికి బయలుదేరారట. దారిలో పిన్ను ఊడిపోయింది. మూసి ఉన్న బడ్డీకొట్టు తడికె నుంచి మేకు పీకి, రాయితో వంచి దిగగొట్టి, తల్లిని వెనుక కూర్చోబెట్టుకుని గాలివానలో రేపల్లె చేరారు. “తెల్లవారి తీసేద్దామనుకున్నాను. తెల్లవారేసరికి అది గట్టిగానే ఉంది. తరువాత మరచిపోయాను. అమ్మేటప్పుడు చెప్పాలని తోచనే లేదు.” కాస్త ఆగి, “అమ్మాయికేమీ కాలేదు కదా?” అన్నారు. మజ్జిగ తెచ్చి ఇచ్చి మళ్ళీ అదే అడిగారు. వీధి గుమ్మం దాకా వచ్చి మరొకసారి అడిగారు.

తిట్టటానికి వెళ్ళినవాణ్ణి నమస్కారం పెట్టి వచ్చాను. అంతమాత్రాన ఆ మేకును క్షమించాననుకోవద్దు. ఆ రాత్రికి అది సరైన పనే. మర్నాటి నుంచి అది తప్పు. దాని మీద రంగు వేసి కప్పిపెట్టినవారిది మరొక తప్పు. తిరిగి వస్తూండగా మూడవ తప్పు గుర్తుకు వచ్చింది. బండి కొన్న కొత్తలో తుడుస్తూంటే, ఆ రంగు కింద గుండ్రని మేకు తల నా వేలికి తగిలింది. “ఇదేమిటో రేపు చూద్దాం” అనుకున్నాను.

ఆ సాయంత్రం నూరు పేజీల నోటుపుస్తకం కొని, బండిలో తాత్కాలికంగా చేసిన ప్రతి పనినీ తేదీతో సహా రాయటం మొదలుపెట్టాను. బండి ఎవరికి అమ్మినా సీ-బుక్కుతో పాటు అది కూడా ఇస్తాను. సరిచేసిన వాటిని అమ్మాయి కొట్టివేస్తుంది. కొట్టివేసే అధికారం తనది మాత్రమే.

ఇప్పటికి ఒక్కటే మిగిలింది. సైడు స్టాండుకు స్ప్రింగు బదులు సైకిలు ట్యూబు ముక్క. అది మాత్రం నా పనే. రేపు మారుస్తాను.