గోస్తని కలియు రేవు

తూర్పుకనుమలలో, అనంతగిరి కొండలయందు, గోస్తని యను చిన్నయేరు పుట్టును. అరకులోయకు పోవు త్రోవలో, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున, బొర్రాగుహలు కలవు. సున్నపురాతిని కరగించి ఆ గుహలను తొలిచినది ఈ యేటినీరే. గుహల కప్పునుండి బొట్టుబొట్టుగా ఊరిన నీటివలన రాతిపొదుగులు వ్రేలాడుచున్నవి. గోస్తని యనగా ఆవుపొదుగు. ఏటికాపేరు తగియే యున్నది.

ఆ యేరు కొండలు దిగి, పొలములు తడిపి, భీమునిపట్టణముకడ బంగాళాఖాతమున కలియును. జనులు దీనిని భీమిలి యందురు. ఒకప్రక్క బౌద్ధశిథిలములు గల పావురాలకొండ, దానిపై నరసింహస్వామి ఆలయము, క్రింద దీపస్తంభము, గడియారస్తంభము, ఇసుకతిన్నెలు చూపరుల మనస్సు నాకర్షించును.

17వ శతాబ్దమున డచ్చివారు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. 1824వ సంవత్సరపు సంధి ననుసరించి 1825లో ఈ యూరు ఆంగ్లేయుల వశమైనది. 1861లో పురపాలకసంఘ మేర్పడినది. చుట్టుపట్ల పండిన గోగునార ఈ రేవునుండి విదేశములకేగెను. అచ్చటి వర్తకులు దానికి ఈ యూరిపేరే పెట్టి బిమ్లి జూటనిరి. మనము పులుసు కూరగా వండుకొను గోంగూర జాతి మొక్క, పడమటి దేశములలో ఒక తెలుగు రేవు పేరును నిలిపినది!

అయితే భీమిలి కడ ఓడలు ఒడ్డునకు రాజాలవు. అవి లోతునీటిలో లంగరు దించి నిలిచెడివి. సరకులను చేరవేయుట జాలరుల పని. మేకులు కొట్టిన పడవ కరళ్ల తాకిడికి పగిలిపోవును. కావున వారు పలకలను కొబ్బరిత్రాటితో కుట్టి పడవలు కట్టిరి. అల తాకినపుడు అట్టి పడవ వంగునేగాని విరుగదు. ఏ అలను విడువవలెనో, ఏ అలపై పోవలెనో తండేలు ఎరుగవలెను. క్షణము తప్పినచో పడవ బోల్తాపడును. సరకుతోపాటు ప్రాణములును పోవును. ఆ విద్య ఏ గ్రంథమునను వ్రాయబడలేదు. తండ్రి కొడుకునకు అలలమీదనే నేర్పెను.

కాలము మారినది. ఇనుపదారి భీమిలికి రాలేదు. 1933లో విశాఖపట్టణమున ఓడరేవు తెరువబడినది. ఓడలు అచ్చటికి మరలినవి. 1960 తరువాతి దశకమున కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము అరకు కొండలను తొలుచుకొని పోయినది. బైలదిలా ఇనుపఖనిజము ఆ సొరంగముల గుండా విశాఖ చేరి జపానునకు ఓడలకెక్కెను. కొండకు కడలికి గల పొత్తు తెగలేదు. త్రోవ మాత్రము మారినది.

భీమిలిలోని డచ్చి శ్మశానమున పాతసమాధులు నేటికిని కలవు. దూరదేశమునుండి వచ్చి ఇచ్చట కన్నుమూసినవారి పేర్లు వానిపై చెక్కబడినవి. వారి సరకులను అలలపై మోసిన జాలరుల పేర్లు ఏ రాతిపైనను లేవు. అయినను వారి సంతతి నేడును వేకువనే పడవలు నీటిలోనికి త్రోయుచున్నది. ఆ రేవున కాలిడువారు రాళ్లను చదివి, పిదప ఒక్కమారు ఆ పడవలవైపును చూడవలెను. భీమిలి చరిత్రలో సగము అచ్చటనే యున్నది.