గోడకు ఇవతల జనవరి ఒకటి

డిసెంబర్ 31 సాయంత్రం. నా వయసు వాళ్లంతా ఎక్కడికెళ్దామా అని వాట్సాప్ గ్రూపుల్లో పోల్స్ పెట్టుకుంటుంటే, నేను కంచన్‌బాగ్‌లో ఒక గేటు ముందు బైక్ ఆపుకుని నిలబడ్డా. నాన్న కోసం. ఆ రోజు ఆయన రిటైర్మెంట్.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఒక లెక్క ఉంది. అరవై ఏళ్లు నిండిన నెలలో ఆఖరి రోజుతో సర్వీసు అయిపోతుంది. నాన్న పుట్టింది డిసెంబర్ నెల మధ్యలో. అందుకే ఆయన ఉద్యోగమూ, 2025వ సంవత్సరమూ ఒకే సాయంత్రం ముగిశాయి.

గేటు లోపల నుంచి నాన్న నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో బంతిపూల దండ, కవర్లో శాలువా, ఒక స్వీట్ బాక్సు. చంకలో ఎప్పటిలాగే చుట్టిన క్యాలెండర్, కొత్త డైరీ. ఏదో ఒకటి మాట్లాడతాడేమో అనుకున్నా. బండెక్కి, "పోదాం పా" అన్నాడు. అంతే. ముప్పై నాలుగేళ్లు!

కంచన్‌బాగ్ తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. హైదరాబాద్ పాతబస్తీకి ఆగ్నేయంగా, సంతోష్‌నగర్ దాటి చాంద్రాయణగుట్ట వైపు వెళ్లే దారిలో ఉంటుంది. కంచన్ అంటే బంగారం, బాగ్ అంటే తోట. బంగారు తోట అన్నమాట. కానీ ఇక్కడ పేరున్న లోహాలు వేరు. 1963లో మొదలైన డీఎంఆర్ఎల్ పనే రక్షణ రంగానికి కావలసిన లోహాల మీద పరిశోధన. 1973లో పెట్టిన మిధానిలో టైటానియం, సూపర్ అల్లాయ్‌లు, ప్రత్యేకమైన స్టీళ్లు తయారవుతాయి. 'మిశ్ర ధాతు నిగమ్' అన్న పేరునే పొట్టి చేసి మిధాని అంటారు. 1970లో పుట్టిన భారత్ డైనమిక్స్ ఇక్కడే. క్షిపణులు డిజైన్ చేసే డీఆర్‌డీఎల్ కూడా ఇక్కడే. అన్నింటికీ ఒకటే పిన్ కోడ్, 500058. మా ఇంటికీ అదే.

1982లో అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చారు. మరుసటి ఏడాదే దేశపు క్షిపణి కార్యక్రమం మొదలైంది. 1988లో పృథ్వి, 1989లో అగ్ని మొదటిసారి ఎగిరాయి. అంటే, మనం స్కూల్లో జీకే ప్రశ్నలుగా బట్టీ పట్టిన వాటి వెనక పని చాలావరకు మా ఇంటి పక్క గోడ అవతల జరిగింది.

ఆ గోడ గురించే ఇదంతా రాస్తున్నా. పొడవైన గోడ. పైన ముళ్ల కంచె. ఫొటోలు తీయొద్దని బోర్డులు. మా ఏరియా ఇన్‌స్టాలో పెద్దగా కనిపించకపోవడానికి అదీ ఒక కారణమేమో! గోడ లోపల నాన్న టెక్నీషియన్. ఏ పని మీద అని అడిగితే, "పనే" అనేవాడు. చిన్నప్పుడు స్కూల్లో మీ నాన్న ఏం చేస్తారని టీచర్ అడిగితే, "ల్యాబ్‌లో చేస్తారు" అని కూర్చునేవాణ్ని. రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్లేవాడు. పొద్దున గేటు లోపలికి వెళ్తే సాయంత్రం దాకా మాకు ఆయన ఉన్నట్టూ లేనట్టే.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మం ముందు నీళ్లు చల్లి ముగ్గుకు సిద్ధం చేస్తోంది. మేముండేది క్వార్టర్స్. దేశమంతా ఒక బ్లాకులో ఉన్నట్టు ఉంటుంది. కింద తమిళ వాళ్లు, ఎదురుగా బెంగాలీ వాళ్లు, పక్క బ్లాకులో మలయాళీ ఆంటీ. ఆంటీ క్రిస్మస్‌కు ప్లమ్ కేక్ ఇచ్చిన స్టీలు డబ్బా వారం రోజులుగా మా వంటింట్లోనే ఉంది. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అమ్మ రూల్. ముందు రోజు ముక్కోటి ఏకాదశి కదా, పులిహోర చేసి అందులో పెట్టి పంపింది. ఆ డబ్బా నాకు తెలిసి పదిహేనేళ్లుగా ఇలా తిరుగుతోంది. అసలు అది ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదట.

ముక్కోటి అంటే గుర్తొచ్చింది. నాన్న తెచ్చిన క్యాలెండర్‌లో అమ్మకు కావలసినవి ఉండవు. పంచాంగం ఉన్న తెలుగు క్యాలెండర్ విడిగా కొంటుంది. పాతది మేకుకు అలాగే ఉంచి దాని మీదే కొత్తది తగిలిస్తుంది. ఆ రోజు పాతదాన్ని ఒకసారి తిరగేసి, "చూసినవా, ఈ ఏడు రెండు ముక్కోట్లు వచ్చినయ్" అంది. నిజమే. 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబర్ 30న ఒకటి. 2024లో ఒక్కటీ లేదు. ముక్కోటి ధనుర్మాసంలో వచ్చే శుక్లపక్ష ఏకాదశి. ధనుర్మాసమేమో డిసెంబర్ సగంలో మొదలై సంక్రాంతి ముందు రోజుతో అయిపోతుంది. తిథి కొంచెం అటు జరిగితే జనవరిలో, ఇటు జరిగితే డిసెంబర్‌లో పడుతుంది. ఇంగ్లిష్ సంవత్సరం మధ్యలో గీసిన గీత అమ్మ లెక్కకు అసలు అడ్డమే కాదు. ఆమెకు కొత్త సంవత్సరం ఉగాదికి. మా టీ కొట్టు భాయ్‌కి మొహర్రంతో. నాన్న ఆఫీసు లెక్కలకు ఏప్రిల్ 1తో. అయినా డిసెంబర్ 31 రాత్రి అందరం కేకు తింటాం. కేకుకు ఎవరి పంచాంగం పట్టింపూ లేదు!

కేకు కోసం సంతోష్‌నగర్ వైపు వెళ్లా. ఆ ఒక్క రాత్రికి బేకరీలన్నీ రోడ్డు మీదికి వచ్చేస్తాయి. బయట షామియానా, టేబుళ్ల మీద వరసగా కేకులు. సీరియల్ బల్బుల వెలుగులో క్రీం గులాబీలు నీలంగా కనిపిస్తున్నాయి. పేరు రాయాలా అని కుర్రాడు అడిగితే ఒక్క క్షణం ఆగా. 'హ్యాపీ రిటైర్మెంట్' అనాలా, 'హ్యాపీ న్యూ ఇయర్' అనాలా? చివరికి "ఏమీ వద్దులే" అన్నా.

రాత్రి ఫ్లైఓవర్లు మూసేస్తారు కాబట్టి మాధాపూర్ పార్టీకి రాలేనని ఫ్రెండ్స్‌కు మెసేజ్ పెట్టా. అది సాకే. నాన్న కేకు కోసి, చిన్న ముక్క తిని, పదింటికల్లా పడుకున్నాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. రిటైరయ్యాక క్వార్టర్ కొన్ని నెలలే ఉంచుకోవచ్చు. తర్వాత ఖాళీ చేయాలి. నేను అక్టోబర్ నుంచే ప్లాన్ వేసుకున్నా. నా ఆఫీస్ మాధాపూర్‌లో. ఇంటి నుంచి దాదాపు పాతిక కిలోమీటర్లు. ఎల్బీనగర్ దాకా బైక్, అక్కడ మెట్రో, అమీర్‌పేటలో మారడం, హైటెక్ సిటీలో దిగడం. రోజూ రానూపోనూ మూడు గంటలు. అందుకే కొండాపూర్‌లో టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూస్తున్నా. లిఫ్ట్ ఉండాలి, హాస్పిటల్ దగ్గరుండాలి, పార్క్ ఉండాలి. యాప్‌లో ఫిల్టర్లన్నీ అమ్మానాన్నల కోసమే పెట్టా. వాళ్లను మాత్రం అడగలేదు.

ఆ రాత్రి సామాన్లు సర్దడం మొదలుపెడదామని మంచం కింద ట్రంకు పెట్టె లాగా. దాని నిండా డైరీలు. ఏటా ఆఫీసులో ఇచ్చినవి. ఏ రహస్యం దొరుకుతుందా అని ఆశగా తెరిచా. పాలు లీటరు. గ్యాస్ వచ్చింది. స్కూటర్ పెట్రోల్ రెండు లీటర్లు. స్కూల్ ఫీజు. అన్నేళ్ల డైరీల్లో ఆఫీసు గురించి ఒక్క ముక్క లేదు. 1997 డైరీ తీసి నేను పుట్టిన తేదీ దగ్గర చూశా. "బాబు. 2.9 కిలోలు. సెలవు 3 రోజులు." ఆ కింద, "పాలు 2 లీటర్లు."

పన్నెండింటికి బయట టపాసులు మోగాయి. కుర్రాళ్లు బైకుల మీద అరుచుకుంటూ వెళ్లారు. నేను ఆ డైరీ పట్టుకుని అలాగే నేల మీద కూర్చున్నా.

జనవరి 1 పొద్దున ఐదున్నరకు మెలకువ వచ్చింది. నాన్న అప్పటికే స్వెటర్ వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టి ఒకసారి తడుముకున్నాడు. రోజూ గేటు పాసు ఉందో లేదో అలాగే చూసుకునేవాడు. అది ముందు రోజే తిరిగి ఇచ్చేశాడు. నేను చూశానని తెలిసి, "వాకింగ్‌కు వస్తవా?" అన్నాడు.

న్యూ ఇయర్ పొద్దున కంచన్‌బాగ్ చాలా బాగుంటుంది. చలి, పల్చటి మంచు. మసీదుల్లో ఫజర్ అజాన్ ఒకదాని వెనక ఒకటి. అది ఆగాక గుడి మైకులో తిరుప్పావై. క్వార్టర్స్ ముందు రాత్రి వేసిన ముగ్గుల్లో 2026. ఒకరింటి ముందు 2025 అని రాసి, ఐదును ఆరుగా దిద్దిన గుర్తు కూడా ఉంది. రోడ్డు మీద కాలిన టపాసుల ఎర్ర కాగితాలు ఊడుస్తున్న వాళ్లు. వాళ్లకు సెలవు లేదు.

పాలబూత్ ఆయన నాన్నకు నమస్కారం పెట్టాడు. పేపర్ కుర్రాడు సైకిల్ దిగకుండానే "హ్యాపీ న్యూ ఇయర్ సార్" అన్నాడు. రిటైరైన ఇద్దరు తమిళ అంకుల్స్ ఆగి చేతులు కలిపారు. నాకు లెక్కపెట్టే అలవాటు. టీ కొట్టు చేరేలోపు నాన్నను పలకరించిన వాళ్లు పదకొండు మంది. నన్ను? ఒక్కరూ లేరు. టీ కొట్టు భాయ్ ఇరానీ చాయ్ ఇస్తూ, "బేటా హై క్యా సాబ్?" అని నాన్ననే అడిగాడు. పుట్టి పెరిగిన చోట నన్ను ఇంకొకరు పరిచయం చేయాల్సి వచ్చింది! ఇరవై ఎనిమిదేళ్లలో నాకు బాగా తెలిసింది మెట్రోకు వెళ్లే దారి ఒక్కటే.

ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తిని, గోడ పక్క నుంచి నడిచాం. కొంత దూరం వెళ్లాక నాన్న ఆగి ఆ గోడను కింది నుంచి పైదాకా చూశాడు.

"దీని పక్క నుంచి బండి మీద పోవుడే గానీ, నడుసుకుంట ఎన్నడూ చూడలే" అన్నాడు.

నేనేమో పుట్టినప్పటి నుంచి బయటి నుంచే చూశా. ఇద్దరం ఒకే వైపు నిలబడి ఆ గోడను చూడటం అదే మొదటిసారి. లోపల ఏం చేసేవాడివి అని ఇప్పుడైనా అడగాలనిపించింది. అడగలేదు. బదులుగా, "బరువు 2.9 అని రాసుకున్నవ్, నిజంగా అంతేనా?" అన్నా. నాన్న నవ్వాడు. "రెండు తొమ్మిది వందల యాభై. రాసుడు మర్చిపోయిన" అన్నాడు. తర్వాత వరసగా చాలా చెప్పాడు. ఆ మూడు రోజుల సెలవు ఎలా దొరికింది, హాస్పిటల్‌కు ఎవరి స్కూటర్ అడిగాడు, పాలు రెండు లీటర్లు ఎందుకు తెచ్చాడు.

మిధాని దగ్గర మొదలై ఒవైసీ జంక్షన్ దాటించే ఫ్లైఓవర్ కింద ఆగాం. 2021 డిసెంబర్ 28న దాన్ని తెరిచారు. కలాం పేరు పెట్టారు. "ఆయన్ను దూరం నుంచి రెండుసార్లు చూసిన" అన్నాడు నాన్న. ఆయన చేరింది 1991లో. ఆఫీసు గురించి ఆయన నాతో చెప్పిన పెద్ద ముచ్చట ఇప్పటికీ అదే.

తిరిగొస్తూ హోటల్లో ఖిచిడీ తిన్నాం. ఖీమా కావాలా అని అడిగితే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గురువారం! అమ్మకు తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు. ఖట్టా, అప్పడంతో సరిపెట్టుకున్నాం. పొగలు కక్కే పసుపు పచ్చటి ఖిచిడీలో పుల్లటి ఖట్టా పోసుకుని తింటే, చలికాలం పొద్దున దానికి మించింది లేదు.

అక్కడే కొండాపూర్ ఫ్లాట్ సంగతి చెప్పా. ఫోన్లో ఫొటోలు చూపించా. నాన్న అన్నీ చూశాడు. "బాగుంది. నీకు దగ్గర. వస్తం" అన్నాడు. కాసేపాగి, "పొద్దున వాకింగ్‌కు మాత్రం బస్సెక్కి ఇటే వస్త" అన్నాడు. జోకే అది. కానీ నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి యాప్ తెరిచి ఏరియా మార్చా. చంపాపేట్, సంతోష్‌నగర్. కొండాపూర్‌ను పూర్తిగా తీసేయలేదు, నా మూడు గంటలూ నిజమే కదా. కాకపోతే ఈసారి ఫోన్ నాన్న చేతిలో పెట్టా. అద్దాలు పెట్టుకుని ఒక్కో ఇల్లూ చూస్తూ, "ఇక్కడి నుంచి టీ కొట్టు ఎంత దూరం?" అని అడిగాడు. ఆ ఫిల్టర్ ఏ యాప్‌లోనూ లేదు.

జనవరిలో ఎప్పుడైనా ఒక పొద్దున వీలైతే మా వైపు రండి. ఎల్బీనగర్ మెట్రో దిగితే చాంద్రాయణగుట్ట వైపు బస్సులు, ఆటోలు ఉంటాయి. ఫొటోలు తీసుకునేంత వింతలేమీ లేవు, గోడ దగ్గర తీయనివ్వరు కూడా. చాయ్ తాగండి, ఖిచిడీ తినండి, సంక్రాంతి దాకా ముగ్గులు చూడండి. గోడ పక్కన స్వెటర్ వేసుకున్న ఒక పెద్దాయన జేబు తడుముకుంటూ నడుస్తుంటే నమస్కారం పెట్టండి. తిరిగి పెడతాడు.

కొత్త డైరీ మొదటి పేజీ ఆ రాత్రే చూశా. "పాలు లీటరు. నడక 50 నిమిషాలు. వాడు కూడా వచ్చిండు."