స్పెర్కియోస్ వేసిన మేట

గ్రీస్‌లోని స్పెర్కియోస్ నది పేరుకి తొందరపడేదని పాత గ్రీకులో అర్థం చెబుతారు. టింఫ్రిస్టోస్ కొండ దిగేటప్పుడు ఆ పేరు అతికినట్టే ఉంటుంది. రాళ్లకు కొట్టుకుంటూ తూర్పుకి పరుగు. మొత్తం 80 కిలోమీటర్లే కాబట్టి మన లెక్కలో చిన్న ఏరు. అయినా ప్రాచీన గ్రీకు కవి హోమర్ దీన్ని దేవుణ్ణి చేశాడు. కొడుకు ట్రాయ్ యుద్ధం నుంచి క్షేమంగా ఇల్లు చేరితే వాడి జుట్టు ఇస్తానని గ్రీకు వీరుడు అకిలీస్ తండ్రి మొక్కుకున్నది ఈ నదికే. తలనీలాల మొక్కు తెలిసిన మనకు దీన్ని విడమరచక్కర్లేదు. ఆ మొక్కు తీరలేదు. తాను ఇక ఇల్లు చేరనని తెలిసిన అకిలీస్ ట్రాయ్‌లోనే జుట్టు కోసి, చనిపోయిన స్నేహితుడు పాట్రోక్లస్ చేతుల్లో పెట్టేశాడు.

లామియా ఊరికి దిగువన కుడి ఒడ్డు నుంచి గోర్గోపోటమోస్, అసోపోస్ వాగులు వచ్చి కలుస్తాయి. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రోజుల్లో ఈ వాగులు దేని దారిన అది సముద్రంలోకి పోయేవి. ఏటేటా స్పెర్కియోస్ దించిన ఒండ్రు సముద్రాన్ని అవతలికి నెట్టేసరికి, పాపం, వాటికి ఈ నదే దిక్కయింది.

ఆ ఒండ్రు కిందే ఉంది థర్మోపిలే. క్రీ.పూ. 480లో ఇక్కడ ఒకపక్క కొండ, ఇంకోపక్క సముద్రం, మధ్య 50 అడుగుల దారి. దానికి ముందొకచోట, వెనకొకచోట ఒక్క బండి పట్టేంతే. గ్రీస్ మీదికి దండెత్తిన పర్షియా రాజు జెర్క్సీస్ సైన్యం ఎంత పెద్దదైనా అందులోంచి కొద్దికొద్దిగా రావాల్సిందే. వాళ్లను అడ్డుకున్న స్పార్టా రాజు లియోనిడాస్ ఆ ఇరుకునే నమ్ముకున్నాడు. మూడో రోజు దాకా ఆ లెక్క తప్పలేదు. తప్పించినవాడు ఎఫియాల్టిస్ అనే స్థానికుడు. పర్షియన్లకు కొండదారి చూపించాడు. వాళ్లు అసోపోస్ దాటి రాత్రంతా ఎక్కారు. తెల్లవారుజామున గాలి లేదు. కాళ్ల కింద ఓక్ ఆకుల గలగలకే పైన గ్రీకుల తరఫున కాపలా ఉన్న ఫోకియన్లు ఉలిక్కిపడి లేచారు. బాణాల వాన మొదలవగానే శిఖరానికి ఎక్కేశారు. దారి వదిలేశారు.

సినిమా పుణ్యమా అని 300 మంది స్పార్టన్లు అందరికీ తెలుసు. చివరిదాకా ఉండి చచ్చిన 700 మంది థెస్పియన్లను ఎవరూ తలవరు. నాకైతే వాళ్లే ఎక్కువ. స్పార్టావాళ్లది పుట్టినప్పటి నుంచీ అదే పని. థెస్పియా మామూలు చిన్న ఊరు.

రెండొందల ఏళ్ల తరువాత, క్రీ.పూ. 279లో గాల్ జాతివాళ్లు దండెత్తి వచ్చేసరికి గ్రీకులు స్పెర్కియోస్ వంతెనలు విరగ్గొట్టారు. గాల్‌లు రాత్రిపూట దిగువకు పోయి, నది చెరువులా పరుచుకున్నచోట డాళ్లనే తెప్పలు చేసుకుని దాటేశారు. అప్పటికే కింద అంతా రొంపి అన్నమాట.

ఇప్పుడు రోడ్డు పక్కన 1955లో నిలబెట్టిన లియోనిడాస్ కంచు విగ్రహం ఉంది. ఎదురుగా కొలొనోస్ అనే చిన్న దిబ్బ. చివరి గ్రీకులు చేరుకున్నది దాని మీదికే. 1939లో పురావస్తు శాస్త్రవేత్త స్పిరిడాన్ మరినాటోస్ తవ్విస్తే బాణపు ములుకులు కుప్పలుగా దొరికాయి. కొద్ది దూరంలో గంధకం వాసనతో వేడినీటి ఊటలు ఆవిరి కక్కుతున్నాయి. ఈ చోటికి పేరు వాటివల్ల వచ్చిందే. దిబ్బెక్కి ఉత్తరానికి చూస్తే కనుచూపు మేరా పొలాలు. సముద్రం కొన్ని కిలోమీటర్ల అవతల సన్నటి గీత. అక్కడ స్పెర్కియోస్‌కు ఏ తొందరా లేదు. రెల్లు మధ్య మందంగా సాగుతూ మాలియా సింధుశాఖలోకి ఇంకా మట్టి దించుతోంది.