ఆటగాండ్రు - అంటురోగములు

వేములవాడలో రాజన్న గుడి దీపములు వెలుగు వేళకు బడి మైదానమున కబడ్డి ఆట ముగియును. అంతవరకు కూతకు వచ్చినవానిని నలుగురు చుట్టి పట్టుకొనుచుందురు, ఒకని చెమట మరియొకనికి అంటును, మోకాళ్లు గీచుకొనిపోవును. పిదప ఒకే తువ్వాలతో నలుగురును మెడలు తుడుచుకొందురు. అది స్నేహమే, సందేహము లేదు. కాని తామరకు అంతకంటె మంచి త్రోవ దొరకదు.

1989 జూలైలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కుస్తీ శిబిరమునకు విద్యార్థులు 175 మంది వచ్చిరి. వారిలో 60 మందికి హెర్పిస్ అను పొక్కుల వ్యాధి సోకెను. పొక్కులున్నవారితో కుస్తీ పట్టినవారికే అది హెచ్చుగా అంటినదని వైద్యులు కనుగొనిరి. కండబలము దానిని ఆపలేదు.

బాడ్మింటనులో ప్రత్యర్థుల నడుమ వల యుండును గదా! అయినను శిబిరమున అందరును పీల్చునది ఒకే గాలి. 2020 ఆగస్టులో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో శిక్షణ మరల మొదలైన కొలది దినములకే క్రీడాకారిణి సిక్కిరెడ్డికిని, ఒక ఫిజియోథెరపిస్టుకును కరోనా ఉన్నట్లు పరీక్షలో తేలెను. ఇరువురికిని రోగలక్షణములు లేవు. పరీక్షయే లేకున్న ఎవరు అనుమానింతురు? అకాడమీని తాత్కాలికముగా మూసి శుభ్రపరచిరి.

2022 జనవరిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్ జరిగెను. గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్ అంతకు నెల ముందే స్పెయినులో ప్రపంచ పోటీలందు రజతపతకము గెలిచియుండెను. ఇక్కడను మొదటి ఆట గెలిచెను. ఇంతలో పరీక్షలలో ఏడుగురు భారత క్రీడాకారులకు కరోనా తేలెను. వారిలో శ్రీకాంత్ ఒకడు. ఏడుగురును వైదొలగిరి. దగ్గరగా మెలగిరన్న కారణముచే వారి జంట ఆటగాండ్రను కూడ తప్పించిరి. అశ్వినీ పొన్నప్పకు జోడియైన సిక్కిరెడ్డి ఆటయు అట్లే నిలిచిపోయెను. తప్పు చేయనివారికి ఈ శిక్ష యేల యని అడుగవచ్చును. వైరస్ శరీరమున ప్రవేశించిన వెంటనే పరీక్షకు చిక్కదు. కొన్ని దినములు దాగియుండును. నేడు ఆరోగ్యవంతుడుగా కనబడువాడు రేపు మరియొకనికి దానిని అంటింపగలడు.

తామర సోకి, గీత కీవల కూర్చుండి, తోటివారి ఆటను చూచుచు కన్నీరు పెట్టు బాలునికి తరువాతి సంగతియు చెప్పవలెను. అదే యేడు మే 15న బాంకాకులో థామస్ కప్ తుదిపోటీ జరిగెను. భారతజట్టు ఇండోనేషియాపై రెండు ఆటలు గెలిచియుండెను. మూడవ ఆటకు దిగినవాడు శ్రీకాంత్. అతడు 21-15, 23-21తో గెలిచెను. ఆ కప్పు భారతదేశమునకు వచ్చుట అదే మొదటిసారి.